గురువారం బయల్దేరిన సంచి

మా సేటు వైకుంఠం కాంటాలు అమ్ముతాడు. మొఘల్‌పురాలో తాతల నాటి దుకాణం. కూరగాయల బండి మీద పెట్టుకునే చిన్న కాంటా మొదలుకొని మార్కెట్ యార్డులో ధాన్యం బస్తాలు తూచే పెద్ద కాంటా దాకా అన్నీ దొరుకుతాయి. చెడిపోతే బాగుచేయడానికి మనిషిని కూడా పంపిస్తాడు. ఆ మనిషి మా ఆయన, ఓదెలు. కౌంటరు మీద బిల్లులు కొట్టేది నేను, అమల. అంటే మా ఇంట్లో పొయ్యి వెలగాలన్నా ఆరాలన్నా వైకుంఠం సేటు చేతిలోనే ఉంది. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టబోతున్నాను. ఉప్పు తిన్న ఇంటిని తిడుతోందేమిటి ఈ ఆడది అనుకోకండి. ఉప్పు నేను కొనుక్కునే తిన్నాను.

సేటు దుర్మార్గుడేం కాదు. బోనాలకు చీర పెడతాడు, ఎవరింట్లో చావైనా ముందు ఆయనే వస్తాడు. జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎంగిలి చేత్తో కాకిని తోలడు. ఆయనకో సిద్ధాంతం ఉంది. కాంటా మీద చెయ్యి పడితేనే పని మొదలైనట్టు. ఓదెలు జహీరాబాద్ పోవాలంటే చీకటితో లేచి బస్సెక్కాలి, దీపాలు పెట్టాక గానీ ఇల్లు చేరడు. మధ్యలో కాంటా విప్పి బిగించేది ఒక్క పూట. ఆ పూటకే జీతం. బస్సులో గడిచిన పొద్దంతా గాలికి పోయినట్టే.

"బస్సుల కూసునుడు గూడ పనేనా?" అనేవాడు సేటు. "కిటికీ కాడ కూసుంటరు, పల్లీలు తింటరు, మంచిగ పండుకుంటరు. టికెట్ పైసలు ఇస్తున్న, సంతోషపడుండ్రి."

దుకాణంలో ఉన్న గిరాకీలు నవ్వేవాళ్లు. ఓదెలు కూడా నవ్వేవాడు, అదీ నా కర్మ! నోట్లో నాలుక లేని మనిషిని కట్టుకుంటే ఇంటికి సరిపడా నాలుక మనమే పెంచుకోవాల్సి వస్తుంది. నేను పెంచుకున్నాను.

సేటుకున్న రెండో పిచ్చి పంచాంగం. గల్లాపెట్టె జరపాలన్నా, కొడుక్కి పిల్లను చూడబోవాలన్నా బజారులో సగం మంది మా మెట్లెక్కి "సేటూ, జర గడియ చూడు" అంటారు. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి దించి, వేళ్ల కణుపులు లెక్కపెట్టి చెప్తాడు. పైసా తీసుకోడు. పెద్ద కాంటా అమ్ముడుపోయినప్పుడు కూడా అంత సంతోషం ఆయన ముఖంలో నేను చూడలేదు.

దుకాణం పని మీద ఊరు దాటే మనిషిని మంచి గడియ లేకుండా పంపడు. పోవాల్సిన రోజు బాగా లేకపోతే ప్రస్థానం పెడతాడు. తెలియనివాళ్లకు చెప్తున్నాను, ముందురోజే మంచి గడియ చూసి ప్రయాణపు సామాను గడప దాటించి వేరేవాళ్ల దగ్గర ఉంచుతారు. సామాను కదిలిందంటే ప్రయాణం మొదలైనట్టే లెక్క. మనిషి మర్నాడు చెడ్డ రోజున పోయినా దోషం అంటదు. వెనకటికి కాశీకి పోయేవాళ్లు పెట్టేవారట. మా సేటు కాంటా రిపేరుకు పెడతాడు.

ఓదెలు పనిముట్ల సంచికి సేటు స్వయంగా బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గడప దాటించేవాడు. మా దుకాణం అరుగు చివర రాజమణక్క పూలు అమ్ముకుంటుంది. సంచి తీసుకెళ్లి ఆమె కొట్టులో పెట్టి, "ప్రయాణం మొదలైంది" అని నలుగురికీ వినబడేలా అనేవాడు. ఇక అప్పటి నుంచి ఓదెలు ఇంట్లో ఉన్నా దారిలో ఉన్నట్టే. గడ్డం గీసుకోవద్దు, తలకు నూనె రాసుకోవద్దు, ఇంట్లో మాటామాటా అనుకోవద్దు.

"లొల్లి పెట్టుకుంటే నా పని ఖరాబైతది. అమలా, నీకే చెప్తున్న," అనేవాడు నా వైపు వేలు చూపించి.

చూశారా! నా మొగుణ్ని నేను తిట్టుకోవాలన్నా సేటు పంచాంగం ఒప్పుకోవాలి. నోరు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. దానికైనా ఏమన్నా ఇచ్చాడా అంటే అదీ లేదు.

పోయిన చలికాలంలో జహీరాబాద్ యార్డు నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద కాంటా తప్పు చూపిస్తోంది, శుక్రవారం మనిషి రావాల్సిందేనన్నారు. శుక్రవారం పడమటికి వారశూల, ఆ దిక్కుకు కదలకూడదు. జహీరాబాద్ ఉన్నది పడమటే. సేటు కణుపులు లెక్కపెట్టి, గురువారం సాయంత్రం అమృత ఘడియల్లో సంచిని గడప దాటించాడు. ఆ సంచిలో పానాలు, స్క్రూడ్రైవర్లే కాకుండా కాంటా సరిచూసే ఇనుప తూకం రాళ్లు కూడా ఉంటాయి. భుజం పట్టేస్తుందని ఓదెలు ఎన్నోసార్లు నాతో అన్నాడు, సేటుతో ఒక్కసారీ అనలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వాళ్లక్క కుటుంబం మొత్తాన్ని ఆదివారం భోజనానికి పిలిచానని చల్లగా చెప్పాడు. నన్నొక్క మాట అడగకుండా! నోటిదాకా వచ్చినవన్నీ మింగేశాను. గురువారం గదా, ప్రయాణం మొదలైంది గదా. అంత మింగితే ఆకలి కూడా వేయలేదు.

తెల్లవారి యాకుత్‌పురాలోని మా గదిలోంచి బయల్దేరి, రాజమణక్క దగ్గర సంచి తీసుకుని బస్సెక్కాడు. జహీరాబాద్‌లో దిగి యార్డుకు పోయే షేర్ ఆటో ఎక్కాడు. ఆటో గుంతలో పడి పక్కకు ఒరిగింది. మిగతావాళ్లకు గీరుకుపోయింది అంతే. ఓదెలు ఒళ్లోని సంచి రాళ్లతో సహా కాలి మీద పడి మోకాలి కింద ఎముక విరిగింది.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని సేటుకు ఫోన్ చేశాను.

"సేటూ, ఓదెలు కాలు ఇరిగింది."

సేటు గొంతు తగ్గించి అడిగాడు.

"రాత్రి లొల్లి పెట్టుకున్నరా?"

ఒట్టు, ఇదే మాట! మనిషి బతికున్నాడా అని అడగలేదు, ఏ ఆసుపత్రి అని అడగలేదు.

"పెట్టుకోలే సేటూ."

"నిజం చెప్పు పిల్లా. పెట్టుకోకుంటే గిట్లెట్ల అయితది?"

నా ఒళ్లు భగ్గుమంది. ఫోన్ పెట్టేసి, మెట్ల మీదే కూర్చుని, రాత్రి మింగిన తిట్లన్నీ సేటు పేరు మీద తిట్టేశాను. పక్కన కూర్చున్న ముసలామె భయపడి లేచి వెళ్లిపోయింది.

కాలిలో రాడ్డు వేశారు. ఎండాకాలం పోయేదాకా బరువు మోపొద్దన్నాడు డాక్టరు. నా ఒక్కదాని జీతంలో కిరాయి కడితే బియ్యానికి లేవు. ఆపరేషన్‌కు వడ్డీకి తెచ్చిన డబ్బు మా నెత్తి మీద ఉంది. దుకాణం పని మీద పోతూ విరిగిన కాలు గదా, ఆసుపత్రి ఖర్చు, పడుకున్నన్నాళ్ల జీతం ఇప్పించమని సేటును అడిగాను. ఆయన పంచాంగంలోంచి తల ఎత్తలేదు. జవాబు చెప్పింది ఆయన కొడుకు నిఖిలేష్. మాదాపూర్ వైపు ఎక్కడో మేనేజ్‌మెంట్ చదువుకుని, ఈమధ్యే గల్లా పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"అక్కా, వర్క్ టైమ్‌ల అయితే మేమే చూసుకుంటుంటిమి. అయింది ట్రావెల్ టైమ్‌ల. ట్రావెల్ వర్క్ కాదక్కా. ప్లీజ్, అర్థం చేసుకో."

ఎంత మర్యాదగా చెప్పాడండీ! ఇంతకాలం వాళ్ల నాన్న పల్లీల గురించి చెప్పిన మాటే ఇది. ఇంగ్లీషులోకి మార్చుకు రావడానికి పాపం లక్షలు పోసి చదివాడు.

లేబర్ ఆఫీసుకు పోతానని ఇంట్లో చెప్పాను. ఓదెలు మంచం మీదే వణికిపోయాడు.

"పోనియ్యే అమలా. సేటుతోని పెట్టుకుంటే నీ నౌకరి గూడ పోతది. ఇద్దరం రోడ్డు మీద పడ్తం."

"పడితే పడ్తం. నువ్వు ఆల్రెడీ పడ్డవ్ గదా," అన్నాను. అన్నానే గానీ నాకూ భయంగానే ఉంది. ఆ ఉద్యోగం పోతే ఏం చేయాలో నిజంగా తెలియదు.

అర్జీ పెట్టాను. సాక్ష్యానికి రమ్మని రాజమణక్క కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆమె చేమంతులు గుచ్చుతూ, కళ్లు ఎత్తకుండా చెప్పింది.

"చెల్లె, నీ బాధ నాకు తెల్వదా? కానీ నేను కూసునే అరుగు ఎవల్దే? రేపు లెవ్వమంటే యాడికి పోవాలె?"

ఆమెను ఏమనగలను? నేను కూర్చునే కుర్చీ కూడా ఆ అరుగు మీదిదే. ఒక్కదాన్నే పోయాను.

లేబర్ ఆఫీసర్ పేరు విమలాదేవి. అరిగిపోయిన చెప్పులు, అలసిపోయిన ముఖం, బల్ల మీద ఫైళ్ల గుట్ట. ఆమె ఎదురుగా ఒక పక్క నేను, ఒక పక్క సేటు, నిఖిలేష్. సేటు తెల్లబట్టల్లో, విభూతితో పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. మాట మాత్రం కొడుకే మాట్లాడతాడట.

"మేడం, సింపుల్," అన్నాడు నిఖిలేష్. "ఆ రోజు అతను షాపుకే రాలే. ఇంటి నుంచి డైరెక్ట్‌గ పోయిండు. ఆ రోజు అతని వర్క్ ప్లేస్ జహీరాబాద్. ఇంటి నుంచి వర్క్ ప్లేస్‌కి పోవుడు అంటే కమ్యూట్. నేను రోజు ఇంటి నుంచి షాపుకి వస్త. దానికి నాకెవలన్న పైసలిస్తరా?"

విమలాదేవి కళ్లు నులుముకుని నా వైపు తిరిగింది.

"చూడమ్మా, ఇంటి నుంచి పనికి రావడం ఎవరి దారి వాళ్లది, ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ యజమాని దుకాణం నుంచి తన పని మీద వేరే ఊరికి పంపితే ఆ దారి కూడా పని కిందికే వస్తుంది. మీ ఆయన ప్రయాణం ఎక్కడ మొదలైందో తేలాలి. దుకాణం నుంచే బయల్దేరాడని చూపించడానికి ఏమైనా ఉందా?"

"సంచి, మేడం! పనిముట్ల సంచి దుకాణం నుంచే పోయింది."

"టూల్స్ బ్యాగు ఎప్పుడు అతని దగ్గరనే ఉంటది మేడం," అన్నాడు నిఖిలేష్, కనురెప్ప కూడా ఆర్పకుండా.

నేను సేటు ముఖం చూశాను. కొడుకు అబద్ధం ఆయన గొంతులో ముల్లులా దిగినట్టుంది, మింగలేకపోతున్నాడు. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి తను పెట్టిన ప్రస్థానం ఒక్క మాటతో లేకుండా పోయింది. అయినా నోరు విప్పలేదు. డబ్బు మరి. మా ఇల్లు, ఓదెలు కాలు, వడ్డీ అప్పు అన్నీ ఆ మూసుకున్న నోట్లోనే ఉన్నాయి. దాన్ని ఎలా తెరిపించాలో నాకు అప్పుడు తట్టింది.

ఏడుపుగొంతు పెట్టాను. అందులో సగం నిజమే.

"అయితే నిఖిలేష్ సారు చెప్పిందే నిజమైతది మేడం. మా సేటు ఏ గడియ చూడలే, ఏ ప్రస్థానం పెట్టలే. చూసినా గది పనిచెయ్యలే. బజార్ల గూడ అందరు గదే అంటున్నరు. వైకుంఠం సేటు అమృత గడియ పెడితే మనిషి కాలు ఇరిగిందంట, ఇగ ఆయన పంచాంగం ఎవరు నమ్ముతరని."

బజారులో ఎవరూ అలా అనలేదు. నేను అప్పటికప్పుడు అల్లాను.

సేటు కుర్చీలోంచి లేచాడు.

"ఎవడన్నడు? ఏ బద్మాష్‌గాడన్నడు?"

"డాడీ, కూర్చో. అది ఇర్రెలెవెంట్."

"నువ్వు నోర్ముయ్యి రా! మేడం, నా గడియ తప్పేది లేదు. యాభై ఏండ్ల సంది చూస్తున్న. శుక్రవారం పడమరకు శూల. గడియ లేకుండ పోతే వాడు శవమై వస్తుండె! నేను గురువారమే కొబ్బరికాయ కొట్టి, నా చేతులతోని సంచి గడప దాటిచ్చిన గావట్టి కాలుతోని పోయింది. పాణం నిలబడ్డది!"

విమలాదేవి పెన్ను అందుకుంది. ఆమె ముఖంలో అలసట ఎక్కడికో పోయింది.

"సంచి ఎక్కడి నుంచి దాటించారు?"

"నా దుకాణం నుంచి."

"డాడీ!" నిఖిలేష్ వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని లాగాడు. సేటు చెయ్యి విదిలించుకున్నాడు.

"సంచి పంపితే మనిషి బయల్దేరినట్టు ఎలా అవుతుంది?" అందామె, ఏమీ తెలియనట్టు.

"గట్లంటరేంది మేడం? సామాన్ కదిలిందంటే ప్రయాణం మొదలైనట్టే. శాస్త్రం! గురువారం సాయంత్రం నా గడప మీద, నా చేతులతోని మొదలైంది. వచ్చేదాక గది ఒక్కటే ప్రయాణం."

"మరి ఆ రాత్రి అతను ఇంట్లో తన ఇష్టం వచ్చినట్టు ఉన్నాడు కదా?"

"ఎట్లుంటడు! గడ్డం గీసుకోవద్దన్న, నూనె పెట్టుకోవద్దన్న, పెండ్లాంతోని లొల్లి వద్దన్న. అన్ని నేను చెప్పినట్టే ఉండాలె. నా పని మీద పోతుండు గదా!"

నిఖిలేష్ రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. మేనేజ్‌మెంట్ చదువులో నాన్నను ఎలా మేనేజ్ చేయాలో చెప్పలేదు కాబోలు. విమలాదేవి రాసినదంతా నెమ్మదిగా పైకి చదివింది. పని మీద పంపింది యజమాని, ప్రయాణం మొదలైంది దుకాణంలో, అప్పటి నుంచి అతని నడవడి అంతా యజమాని చెప్పినట్టే. ఇందులో తప్పేమైనా ఉందా అని అడిగింది.

"ఒక్క మాట తప్పు లేదు," అన్నాడు సేటు. "అమృత గడియ అని గూడ రాయుండ్రి."

రాసింది. సంతకం పెట్టాడు. కింద మెట్లు దిగుతుంటే గానీ తనేం చేశాడో ఆయనకు తెలిసిరాలేదు. కొడుకు చెప్తుంటే అక్కడే నిలబడి రెయిలింగ్ పట్టుకున్నాడు. అయ్యో పాపం అనిపించిందా అంటే అనిపించలేదు. నాకు ఆసుపత్రి మెట్లు గుర్తున్నాయి.

ఆసుపత్రి ఖర్చు, పడుకున్నన్నాళ్ల జీతం సేటు కట్టాలని ఆర్డరు వచ్చింది. ఇక ముందు ఊరు పోతే గడప దాటింది మొదలు తిరిగి గడప తొక్కేదాకా మొత్తం పని కిందే రాయాలన్నారు. వడ్డీ అప్పు తీరింది. నన్ను తీసేస్తాడని రోజూ ఎదురుచూశాను, తీసేయలేదు. ఎందుకంటే ఈలోపు బజారులో కథ వేరేగా తిరిగింది. వైకుంఠం సేటు గడియ వల్ల చావాల్సిన మనిషి కాలితో బయటపడ్డాడట, పైగా సేటు దయతలచి జీతం కూడా ఇస్తున్నాడట! గడియలు అడిగేవాళ్లు రెట్టింపయ్యారు. ఆయన వాళ్లకు నన్ను చూపించి "అడుగుండ్రి, గా పిల్లనే అడుగుండ్రి" అనేవాడు. నేను బిల్లు కొడుతూ, "పాణం నిలబడ్డది నిజమే గానీ, పైసలు దయతోని గాదు, ఆర్డర్‌తోని" అనేదాన్ని. గిరాకీలు మొదటి సగమే విని వెళ్లిపోయేవాళ్లు.

వానలు పడ్డాక ఓదెలు పనిలోకి వచ్చాడు. కొద్దిగా కుంటుతాడు. నిఖిలేష్ అప్పటికి వాళ్ల నాన్నతో పెద్ద లొల్లి పెట్టుకుని, దుకాణంలో ప్రస్థానాలు, గడియలు బంద్ చేయించాడు. ఎవరైనా ఎప్పుడైనా పోవాలి, అంతే. సేటు నోరెత్తలేదు. ఒకసారి నోరెత్తి చూశాడు గదా.

ఒక శనివారం పొద్దున మెదక్ నుంచి పిలుపు వచ్చింది. నిఖిలేష్ ఓదెలుకు సంచి అందించి "పో అన్నా, అర్జెంట్" అన్నాడు. ఓదెలు గడప దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సేటూ, బయలెల్లుతున్న. టైం రాసుకోండ్రి."

నా చేతిలో బిల్లు సగంలో ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి ఎవరికైనా ఇలా ఒక మాట చెప్పడం నేను వినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గులేకుండా.

సేటు పెన్ను తీసుకున్నాడు. గడియారం వైపు చూశాడు. చెయ్యి ఆగిపోయింది. రాహుకాలం! రాహుకాలంలో, తన చేత్తో, తన దుకాణం ప్రయాణం మొదలైందని రాయాలి. రాయలేకపోయాడు.

"జర ఆగు రా," అన్నాడు.

"డాడీ, కస్టమర్ వెయిటింగ్!"

"ఆగమన్న! రాహుకాలం పోనీ."

ఓదెలు సంచి కింద పెట్టాడు. నా వైపు చూసి, మళ్లీ సేటు వైపు చూశాడు.

"ఆగుత సేటూ. మరి గీ ఆగుడు గూడ పనేనా?"

నిఖిలేష్ సేటును చూశాడు, సేటు గడియారాన్ని చూశాడు.

"ఆగమన్నది ఎవలు? సేటే గదా. పనే," అన్నాను నేను.

ఓదెలు స్టూలు లాక్కుని, గిరాకీలందరి మధ్యలో, విరిగిన కాలు ముందుకు చాపుకుని కూర్చున్నాడు. నేను అతనికి చాయ్ చెప్పి దుకాణం లెక్కలో రాశాను.